పసిచూపుల మార్పిడి

మిట్టమధ్యాహ్నం…

నడినెత్తిన నిప్పులు చెరగాల్సిన సూర్యుడు మసిబారిన కుండలా నల్లబడిపోయాడు. కారుమేఘాలు దట్టంగా కమ్ముకొని వీధి మీద అకాల సంధ్యను పరిచాయి. ఎక్కడో దూరాన ఉరుము… గొంతులో కఫం అడ్డుపడ్డ ముసలి మృగంలా గుర్రుమంది. పగలు కన్ను తెరవకూడని గుడ్లగూబ ఒకటి కరెంటు స్తంభం మీద వాలి, మెడను పూర్తిగా వెనక్కి తిప్పి, వీధి చివరి మేడ వైపు చూస్తూ వికృతంగా కూసింది.

ఆ మేడ మెట్ల కింద ఇరుకు కొట్టులో స్టవ్వులు, కుక్కర్లు బాగుచేసే మెకానిక్ ఉన్నాడు. వయసు నలభై దాటింది. బడికి చిన్నప్పుడే దండం పెట్టేశాడు. పొద్దున్నించీ ఒక బర్నరుతో కుస్తీ పడుతున్నాడు, చెయ్యి కాల్చుకున్నాడు. దానికి తోడు నెత్తి మీద, పై వాటాలో, ఆగకుండా ఒకటే మోత.

ఠణ్… ణణణణణ… ఠప్.

మళ్ళీ ఠణ్… ణణణణణ… ఠప్.

అది అతని కూతురు. లేకలేక పుట్టిన ఏడాదిన్నర పిల్ల. గింగిరాలు తిప్పే ఆ మోత వల్లే వీధంతా దానికి గింగిరి అని పేరు పెట్టింది. బజారు నుంచి తెచ్చిన బొమ్మలన్నీ మూలన పడి దుమ్ము తాగుతుంటే, దీనికి మాత్రం పిడి ఊడిన స్టీలు మూత ఒక్కటే కావాలి. దాన్ని నేల మీద అంచున నిలబెట్టి తిప్పేది. నేలకు బోర్లా పడుకొని, గడ్డం బండకు ఆనించి, నోట్లోంచి చొంగ కారుతున్నా చూసుకోకుండా, ఆ తిరిగే వెలుగునే చూసేది. మూత వేగం తగ్గి, కుంటుతూ, గిలగిలలాడి పడిపోయేదాకా ఊపిరి కూడా బిగబట్టేది. పడగానే లోకంలో మొట్టమొదటి వింత చూసినట్టు పకపకా నవ్వేది. పొద్దున నవ్విన నవ్వే సాయంత్రమూ నవ్వేది.

మెకానిక్ విసురుగా మెట్లెక్కాడు. భార్య కుట్టుమిషను మీద ఎవరివో తెరలు కుడుతోంది.

"ఏమే, ఆ మూత లాక్కోలేవా? కింద నా బుర్ర పగిలిపోతోంది."

"నీ బుర్రలో పగలడానికి ఏముందయ్యా? దాన్నేమీ అనకు. అదలా ఆడుకుంటోంది కాబట్టే నాలుగు కుట్లు పడుతున్నాయి."

సరిగ్గా అప్పుడే మెట్ల కింద గంట మోగింది… మార్పిడాయన వచ్చాడు.

అతన్ని ఎరగని ఇల్లు ఆ పేటలో లేదు. మూడు చక్రాల బండి నిండా తళతళలాడే ప్లాస్టిక్ బొమ్మలు వేసుకొని, పాత సామాను తీసుకొని కొత్త బొమ్మ ఇస్తాడు. డబ్బు ముట్టడు. ఊరికే ఇవ్వడు, ఊరికే తీసుకోడు. మనిషికి యాభై ఏళ్ళుంటాయేమో అనిపిస్తుంది గానీ, చేతులు చూస్తే మాత్రం నూరేళ్ళ కిందట తవ్వి తీసిన చెట్టు వేళ్ళలా ఉంటాయి. పిలవకుండానే గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు.

"పాతవేమైనా ఉన్నాయా తమ్ముడూ?"

మెకానిక్ అడుగు మాడిన కుక్కరొకటి చూపించాడు. అతను దానివైపు కన్నైనా తిప్పలేదు.

"పాప దగ్గరున్న మూత ఇయ్యి."

"అదా? పిడి కూడా లేదు పెద్దాయనా. దాన్నేం చేసుకుంటావ్?"

"పిడితో నాకేం పని? మంచి బొమ్మ ఇస్తాను. కీ ఇస్తే ఆడుతుంది, చప్పుడు చెయ్యదు. నీకూ సుఖం." అని అరచెయ్యి చాచాడు. "నీ చేత్తో ఇయ్యి."

భార్య మిషను ఆపింది. "ఇవ్వకు. దాని వస్తువు దానికుండనీ."

మెకానిక్ వినలేదు. తలనొప్పి వచ్చిన మగవాడికి తెలివి ఉంటే ఇన్ని కొంపలు ఎందుకు కూలుతాయి? పిల్ల వేళ్ళు ఒక్కొక్కటే విప్పి మూత లాగాడు. మార్పిడాయన చేతిలో పెట్టాడు. బదులుగా ఎర్ర గౌను ప్లాస్టిక్ బొమ్మ వచ్చింది. మూత అంచు మీది పిల్ల కొత్త పళ్ళ గాట్లను మార్పిడాయన బొటనవేలితో తడుముకున్న తీరు… ఆకలితో ఉన్నవాడు అన్నం ముద్దను తడిమినట్టుంది.

గింగిరి ఏడవలేదు. తండ్రి ముఖంలోకి చూసింది. ఆ చూపు చూస్తుండగానే, దీపానికి చమురు అయిపోయినట్టు, కళ్ళలో ఏదో కొడిగట్టి ఆరిపోయింది.

*

మర్నాటి నుంచి ఇల్లు నిశ్శబ్దమైంది. శ్మశానంలో కూడా గాలి చప్పుడైనా ఉంటుంది. ఆ ఇంట్లో అదీ లేదు. తల్లి గరిటె జారవిడిచినా పిల్ల తల తిప్పలేదు. కుళాయి విప్పితే నీళ్ళలో చేతులు పెట్టడానికి పరిగెత్తే పిల్ల, చేతుల మీద నీళ్ళు పోస్తే ఆ చేతులెవరివో అన్నట్టు కూర్చుంది. స్విచ్చులు, చెప్పులు, జల్లెడ, తాళాలగుత్తి… నిన్నటిదాకా దానికి ఒక్కొక్కటీ ఒక్కో లోకం. ఇవాళ ఏదీ లేదు. నోట్లో పెడితే మింగుతోంది, పడుకోబెడితే పడుకుంటోంది. డాక్టరు చూసి బలానికి మందు రాశాడు. ఆయనకు తెలిసింది ఆయన రాశాడు.

కింద ఇస్త్రీ చేసే ఆమె ఆ సంగతి విని మెట్లెక్కి వచ్చింది. పిల్ల కళ్ళ ముందు చెయ్యి ఆడించి చూసి, కొంగు నోట్లో కుక్కుకుంది.

"చెల్లీ, మీరు ఆ గంటాయనకి ఏమన్నా ఇచ్చారా?"

"మూత ఇచ్చాడు ఈ మహానుభావుడు."

"మా వాడు చిల్లుల గరిటెలోంచి లోకం చూసేవాడమ్మా. అందరినీ ఆ చిల్లుల్లోంచే పలకరించేవాడు. గరిటె పోతేనేంలే, బొమ్మ కారు వచ్చింది కదా అనుకున్నా. ఆ రోజు నుంచీ గోడలాగే ఉన్నాడు. పిలిస్తే పలకడు. నేను ఎవరికీ చెప్పలేదు… చెప్తే నవ్వుతారని."

ఆ మాటతో భార్య లేచింది. మూలనున్న ఎర్ర గౌను బొమ్మను కాలు పట్టుకొని ఈడ్చుకొచ్చింది. కొట్టులోంచి సుత్తి తెచ్చి, గుమ్మం బండ మీద పెట్టి, ఒక్క దెబ్బ వేసింది.

బొమ్మ పగిలింది. లోపల స్ప్రింగు లేదు, చక్రం లేదు… గుప్పెడు బూడిద, నల్లదారంతో చుట్టిన పసివెంట్రుకలు, ఒక పాలపన్ను. బూడిద సుడి తిరిగి పైకి లేచింది. పొగలా, పాములా సాగి, ఆమె ముక్కులోకి, నోట్లోకి, కళ్ళలోకి దూరింది!

పిడుగుపాటుకు కిటికీ అద్దాలు గజగజలాడాయి. ఎవరూ తొక్కకుండానే కుట్టుమిషను గడగడా తిరగసాగింది. సూది ఉత్త గాలిని కుడుతోంది… కుడుతోంది… భార్య శరీరం విల్లులా వెనక్కి వంగి, జుట్టు విరబోసుకుపోయి, కనుగుడ్లు పూర్తిగా తెల్లబడ్డాయి. ఇస్త్రీ ఆమె కెవ్వున అరిచి మెట్ల మీద చతికిలబడింది. భార్య పెదవులు కదల్లేదు. ఆమె గొంతులోంచి మాత్రం మగగొంతు, ముసలిగొంతు, మట్టి కొట్టుకుపోయిన గొంతు పలికింది.

"మిగిలింది కావాలి… పిల్లలో ఇంకా అడుగున కాస్త మిగిలింది… తీసుకురా తమ్ముడూ."

"ఎవర్రా నువ్వు? దాన్ని వదులు," అని అరిచాడు మెకానిక్.

"వదుల్తాను. పాత సినిమా హాలు వెనక రేకుల షెడ్డు. పొద్దు నడినెత్తికి వచ్చేలోగా బిడ్డతో రా. రాకపోతే… చూస్తావా?"

ఆమె చెయ్యి దానంతట అదే మిషను మీది కత్తెర అందుకుంది. నోరు తెరిచి, నాలుక చాచి, రెండు అంచుల మధ్య పెట్టింది. పెదవి అంచున ఒక రక్తపు చుక్క మెరిసింది.

"వస్తాను," అన్నాడు మెకానిక్. "దాని జోలికి పోకు… వస్తాను."

*

భుజాన బిడ్డ. వెనకే, తాళ్ళు కట్టి లాగుతున్నట్టు, కాళ్ళీడ్చుకుంటూ భార్య. ఆకాశం మళ్ళీ మొన్నటిలాగే మూసుకొచ్చింది. కుక్కలు అరవకుండా గోడలకు కరుచుకుపోయాయి. షెడ్డు కప్పు మీద గుడ్లగూబలు… ఒకటి కాదు, ఆ కొస నుంచి ఈ కొస దాకా బారులు తీరి, పసిపిల్లల్లా ఊళలు పెడుతున్నాయి.

లోపల అడుగు పెట్టగానే వేడి ముఖానికి కొట్టింది. నిప్పు వేడి కాదు, జ్వరంతో ఉన్న బిడ్డను ఎత్తుకుంటే తగిలే వేడి. నాలుగు గోడలకూ చెక్కబల్లలు. వాటి నిండా గరిటెలు, దువ్వెనలు, టార్చి లైట్లు, ఒంటి చెప్పులు, తాళంచెవులు, టీవీ రిమోట్లు, సీసా బిరడాలు. ప్రతిదానికీ నల్లదారం ముడి. ప్రతిదాని మీదా చిన్న చిన్న పంటిగాట్లు. మెకానిక్ మోచెయ్యి ఒక గరిటెకు తగిలింది. అది వెచ్చగా ఉంది… అంతేనా, సన్నగా కొట్టుకుంటోంది, గువ్వపిట్ట గుండెలా.

మధ్యలో బూడిదతో గీసిన వలయం. వలయం నడుమ నల్లరాతి మీద కపాలం! ఏళ్ళ తరబడి నూనె తాగి నల్లబడ్డ ఎముక… చీకటి కారుతున్న నేత్రకుహరాలు… పళ్ళన్నీ ఉన్న దవడ. దాని ముందు బుడ్డిదీపం. దీపం వెనక మార్పిడాయన నల్లటి గుడ్డ చుట్టుకొని, ఒంటి నిండా చితాభస్మం పూసుకొని కూర్చున్నాడు.

"కూర్చోబెట్టు," అన్నాడు.

మెకానిక్ కాళ్ళు నేలకు అతుక్కుపోయాయి. చేతులు అతని మాట వినలేదు, వాటంతటవే బిడ్డను వలయం అంచున దించాయి.

"పసిదాని మూతతో నీకేం పనయ్యా?" అడిగాడు.

మార్పిడాయన నవ్వాడు. "నువ్వు దేవుడి ముందు నిలబడ్డా అద్దె గురించి ఆలోచిస్తావు. పెళ్ళాం ముఖం చూస్తూ బర్నరు గురించి ఆలోచిస్తావు. దేన్నీ పూర్తిగా చూడవు. నడక వచ్చిన పసిది గరిటెను చూసినట్టు లోకంలో ఎవరూ దేన్నీ చూడరు తమ్ముడూ. ఆ చూపులో ప్రాణం మొత్తం ఉంటుంది. చూసిన వస్తువులోకి అది దిగుతుంది. దాన్ని నేను దీనికి తాగిస్తాను." కపాలం వైపు తల ఆడించాడు. "ఇది నాకు ఆయుష్షు పోస్తుంది. బ్రతికుండగా ఇది నాకు విద్య నేర్పిన గురువు. ఇప్పుడు నా నౌకరు."

"దొంగవి నువ్వు."

"ఆ మాట అనకు. జన్మలో ఎవరి దగ్గరా ఏదీ లాక్కోలేదు. లాక్కుంటే ఈ విద్య నన్నే తింటుంది. అందరూ వాళ్ళ చేతుల్తో వాళ్ళే ఇచ్చారు. నువ్వు ఇవ్వలేదూ?"

మెకానిక్ తన చేతులకేసి చూసుకున్నాడు.

మంత్రం మొదలైంది. అర్థం లేని కర్కశాక్షరాలు, నేలలోంచి పుట్టినట్టు గుండ్రంగా, గరగరగా… రేకుల మీద ఉరుము దొర్లింది. బల్లల మీది వస్తువులన్నీ నల్లదారాలు తెంచుకోవాలని గింజుకున్నాయి. గోడకు ఆనుకున్న భార్య నోట్లోంచి ఒక ఏడుపు కాదు, వంద పసి ఏడుపులు ఒక్కసారిగా బయటపడ్డాయి. మాంత్రికుడు పిల్ల మూతను తీసి, కపాలం నడినెత్తిన అంచు మీద నిలబెట్టి, తిప్పాడు.

ఠణ్… ణణణణణణ…

గింగిరి కనురెప్పలు కదిలాయి. మూతలో దాచిన చూపు పొంగి, ఒక్క క్షణం పాటు బిడ్డ కళ్ళలోకి మెరుపులా తిరిగొచ్చింది. మాంత్రికుడికి కావలసింది ఆ క్షణమే. ఆ కళ్ళు పైకి లేస్తాయి, కపాలాన్ని చూస్తాయి, భయంతో విచ్చుకుంటాయి… భయమే తలుపు. ఆ తలుపులోంచి కపాలం మొత్తం జుర్రుకుంటుంది. ఇన్నేళ్ళలో దాన్ని చూసి వణకని ప్రాణి లేదు. గుమ్మం దాకా వచ్చిన పోలీసు కూడా దాన్ని చూసి ప్యాంటు తడుపుకొని పోయాడు.

గింగిరి కపాలాన్ని చూసింది.

తల ఒక పక్కకు వంచి చూసింది. ఇంకో పక్కకు వంచి చూసింది. మూత కింద పడి దొర్లిపోతే దానివైపు కన్నెత్తలేదు. దాని ముఖం మెల్లగా, పొద్దు పొడిచినట్టు వెలిగింది. నాలుగు కాళ్ళ మీద బరబరా పాకి, ప్రేతాలు కూడా దాటలేని బూడిద గీతను మోకాళ్ళతో చెరిపేస్తూ వెళ్ళి, రెండు చేతులా కపాలాన్ని ఒళ్ళోకి లాక్కుంది.

కంటి రంధ్రంలో వేలు పెట్టింది. తీసి ఆ వేలు చూసుకుంది. మళ్ళీ పెట్టింది. నుదుటి ఎముక నాకింది. దవడ పట్టుకొని కదిపితే పళ్ళు టక్కుమన్నాయి. అంతే, పిల్ల పగలబడి నవ్వింది. టక్. నవ్వు. టక్. నవ్వు.

చచ్చిన నాటి నుంచి భయం తప్ప ఇంకో స్పర్శ ఎరగని ఆ ఎముకలో ఏదో చిట్లింది. లోపలి చీకట్లో ఒక సన్నని వెలుగు కళ్ళు తెరిచింది.

మాంత్రికుడి మంత్రం ఆగిపోయింది. దీపం వత్తి చివరికొచ్చింది. "పాపా, దాన్ని ఇటియ్యి," అన్నాడు.

పిల్ల కపాలాన్ని పొట్టకు అదుముకుంది.

ఊరందరితో బేరమాడి నెగ్గినవాడు ఏడాదిన్నర పిల్లతో బేరానికి దిగాడు. ఇత్తడి గంట మోగించి చూపించాడు. "ఊఁహూఁ." టార్చి వెలిగించాడు. చూడనైనా లేదు. పచ్చ బొమ్మ, పసుపు బొమ్మ, కీ ఇస్తే గంతులేసే కోతి… ఒక్కొక్కటే దాని ముందు కుప్ప పోశాడు. గింగిరి కోతిని కాలితో తన్ని, కపాలం చెవి ఉండాల్సిన చోట నోరు పెట్టి ఏదో రహస్యం చెప్పింది.

"అమ్మా, తల్లీ, ఇయ్యవే… ఇంకేం కావాలి నీకు?" వాడి నుదుటి చెమటకు భస్మం కరిగి కారుతోంది. దీపం రెపరెపలాడింది. అది ఆరితే ఏళ్ళ సాధన బూడిదే. భయం ఈసారి వాడి కళ్ళలోకి వచ్చింది. ఆ భయంలో జన్మలో చెయ్యని పని చేశాడు.

లాక్కున్నాడు.

గింగిరి గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపుకు రేకులు అదిరాయి… దీపం ఆరింది… చీకట్లో, మాంత్రికుడి రెండు చేతుల మధ్య, దవడ తనంతట తాను తెరుచుకుంది.

"ఎవరిచ్చారు నీకు?" అడిగింది కపాలం.

వాడు నోరు తెరిచాడు. చెప్పడానికి పేరు లేదు.

"ఎవరిచ్చారు?"

పళ్ళు వాడి మణికట్టు మీద మూసుకున్నాయి! వాడి ఆర్తనాదానికి కప్పు మీది గుడ్లగూబలన్నీ ఒక్క పెట్టున లేచిపోయాయి. బల్లల మీద నల్లదారాలు ఫటఫటమని తెగాయి. గరిటెలు, చెంచాలు, తాళాలు ఏకకంఠంతో మోగాయి. ఒక్కో వస్తువులోంచి ఒక్కో వెచ్చని ఊపిరి లేచి, రేకుల సందుల్లోంచి ఎవరి ఇంటికి వాళ్ళు పోయే పిల్లల్లా పరిగెత్తింది. పోయే ప్రతి ఊపిరికీ మాంత్రికుడికి ఒక ఏడాది వయసు మీద పడింది. జుట్టు రాలింది, చర్మం ఎముకకు అంటింది. వేళ్ళు ముందు, తర్వాత మోచెయ్యి, భుజం… నీళ్ళు తూములోకి జారినట్టు, వాడు ఆ కంటి రంధ్రంలోకి జారిపోయాడు. అదే దారిన లోపల్నుంచి ఒక వెలుగు బయటికొచ్చి, కాసేపు పిల్ల తల మీద నిలబడి, మాయమైంది.

నేల మీద నల్లగుడ్డ ఒక్కటే మిగిలింది. అప్పటికి వాన మొదలైంది. భార్య దగ్గి దగ్గి బూడిదంతా కక్కి, నేల మీద కూలబడి, సొంత గొంతుతో "నా బిడ్డేదీ?" అంది.

*

బిడ్డ అక్కడే ఉంది. కళ్ళు మళ్ళీ పాత కళ్ళు. దొర్లి పడిన కపాలాన్ని మళ్ళీ ఒళ్ళో పెట్టుకొని ఆడుతోంది. లోపల్నుంచి ఇప్పుడు వేరే గొంతు, జోరీగలా సన్నగా, "తమ్ముడూ… తమ్ముడూ…" అంటోంది. గింగిరి ఆ చప్పుడుకు చెవి ఆనించి నవ్వుతోంది. ఆ గొంతు దానికేదో చెబుతోంది కూడా.

"పారెయ్యవయ్యా దాన్ని," అంది భార్య.

మెకానిక్ చెయ్యి ముందుకు వెళ్ళి ఆగిపోయింది. లాక్కున్నవాడికి ఏమైందో ఇప్పుడే చూశాడు. మార్పిడికి ఏం పెట్టినా పిల్ల తీసుకోదు, అదీ చూశాడు. అలాగని వదిలేస్తే ఆ గొంతు రోజూ దాని చెవిలో ఉంటుంది.

నేల మీద, దాని ఎదురుగా బాసింపట్టు వేసుకొని కూర్చున్నాడు. ఉత్త చెయ్యి చాచాడు.

"నాకిస్తావా అమ్మా?"

పిల్ల అతన్ని చూసింది. చాలాసేపు చూసింది. మొన్న ఈ చేతులే తన వేళ్ళు విప్పాయని దానికి గుర్తుందో లేదో దేవుడికెరుక. తీసుకుంటే అది తనదవుతుందని, ఆ గొంతును ఇంకొకరి చేతిలో పెట్టలేక చచ్చేదాకా తనదేనని అతనికి మాత్రం తెలుసు. చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"ఇందా," అంది గింగిరి, రెండు చేతులా ఎత్తి అతని అరచేతిలో పెడుతూ.

వేడి భుజం దాకా పాకింది. అతను పళ్ళు బిగించి వేళ్ళు మూశాడు.

ఆ సాయంత్రం ఇస్త్రీ ఆమె కొడుకు దుప్పటి మడతలోంచి తల్లిని తొంగి చూశాడట. ఆమె ఏడుస్తూ చెప్పుకొచ్చింది.

ఏళ్ళు గడిచాక ఇప్పుడు ఆ కొట్టు మెకానిక్‌ను పిల్లలంటే పడని మనిషని పేట పేటంతా అంటుంది. చంటిపిల్లను చంకనేసుకొని ఏ తల్లి వచ్చినా, పిల్లను అవతల దించి రమ్మంటాడు. చక్రమో గొట్టమో పట్టుకోబోతే కసురుతాడు. ముఖాన చిరునవ్వు లేదు, కపాలంలోంచి ముప్పొద్దులా వినబడే ఆ గొంతు వినీ వినీ జుట్టు ముందే నెరిసింది. అతను ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పినా నమ్మేవాడు లేడు.

కొట్టులో పై అరలో పెద్ద కుక్కరొకటి ఉంటుంది, మూత చుట్టూ ఇనుపతీగ బిగించి. మిట్టమధ్యాహ్నం కాగానే కింద మంట లేకపోయినా దాని విజిల్ సన్నగా కూస్తుంది. బడి నుంచి వచ్చిన కూతురు ఒకరోజు గుమ్మంలో నిలబడి అది విన్నది.

"నాన్నా, అందులో ఏముంది?"

"ఏమీ లేదు. రిపేరుకొచ్చింది."

"ఎవరిది?"

మెకానిక్ చేతిలోని పట్టకారు కింద పెట్టాడు.

"నాది," అన్నాడు. "నువ్వు పైకి పో అమ్మా."